ప్రొద్దు గ్రుంకుట వార్తయా, కావ్యమా? నిత్యజీవనములోని ఏకరూపత - సంస్కృతాంధ్ర కవుల దృష్టి

సంస్కృత కవిత్వమును గూర్చి తఱచుగా వినవచ్చు ఆక్షేపమొకటి కలదు. రాజులు, యుద్ధములు, పద్మములు, చంద్రోదయములు తప్ప సామాన్యుని దినచర్య ఆ కవిత్వమునకు పట్టలేదని దాని సారాంశము. ఉదయమున లేచి, పని చేసి, సాయంకాలమునకు ఇల్లు చేరి, మఱునాడు మరల ఆ పనికే పోవు మనుష్యుని విసుగు ఆధునికులు వచ్చునంతవఱకు కవితావస్తువు కాలేదని కొందఱు విమర్శకులు వ్రాయుటయు, మన విద్యార్థులు దానిని పరీక్షాపత్రములలో అప్పగించుటయు జరుగుచున్నది. ఈ ఆక్షేపమునకు మూలము కవులలో కంటె మన పాఠ్యప్రణాళికలలో ఎక్కువగా కలదని నా అభిప్రాయము. పంచకావ్యములు, రెండు మూడు నాటకములు, ఒక అలంకార గ్రంథము చదివి మనము కవాటము మూసివేయుచున్నాము. పైగా చదివిన వానిలో సైతము ఈ విషయమున్న చోటులను నిలిచి చూచుట లేదు.

ముందుగా శాస్త్రమేమనుచున్నదో చూతము. దినదినము జరుగు విషయము కావ్యమగునా అను ప్రశ్న మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. విచిత్రమేమన, వారు ఈ ప్రశ్నను మిక్కిలి సామాన్యమైన ఒక్క ఉదాహరణముపై నిలిపి, కొన్ని శతాబ్దములపాటు వాదించిరి. ఆ ఉదాహరణము సూర్యాస్తమయము. వర్ణనాడంబరముతో కూడిన అస్తమయము కాదు. సూర్యుడు గ్రుంకినాడు, చంద్రుడు ప్రకాశించుచున్నాడు, పక్షులు గూళ్లకు పోవుచున్నవి అని చెప్పెడి మాట మాత్రము. భామహుడు కావ్యాలంకార ద్వితీయ పరిచ్ఛేదమున హేతువు, సూక్ష్మము, లేశము అను మూడింటిని వక్రోక్తి లేకపోవుటచేత అలంకారములు కావని త్రోసివేసి, వెంటనే ఈ వాక్యమును ఉదాహరించి, ఇట్టిది కావ్యమెట్లగును, దీనిని వార్త యందురని తేల్చెను. వార్త యనగా సమాచారము. నిన్న జరిగినది, నేడు జరిగినది, రేపు జరుగబోవునది. అందు కవి చేసినదేమున్నదని ఆయన భావము.

దండి మతము దీనికి విరుద్ధము. ఆయన హేతు సూక్ష్మ లేశములను వాక్కునకు ఉత్తమ భూషణములనెను. ఈ వాక్యమునే తీసికొని, కాలావస్థను తెలుపుట యందు ఇదియు సాధువే యని జ్ఞాపకహేతువునకు లక్ష్యముగా నిలిపెను. భామహ దండులలో పూర్వుడెవ్వరను వివాదము పండితులలో చిరకాలముగా నున్నది. దాని జోలికి ఇక్కడ పోనక్కఱలేదు. ఎవరు ముందైనను, ఒకే వాక్యమును ఒకరు కావ్యలోకమునుండి వెలివేయగా మఱియొకరు లోనికి పిలిచిరి. నిత్యము జరుగునది కావ్యమునకు తగునా తగదా యనునదే వారి నడుమనున్న అసలు తగవు.

ఈ తగవును తీర్చినవాడు మమ్మటుడని చెప్పవచ్చును. కావ్యప్రకాశ పంచమోల్లాసమున వ్యంగ్యార్థము వాచ్యార్థముకంటె భిన్నమని స్థాపించు సందర్భమున ఆయన గ్రహించినది ప్రొద్దు గ్రుంకినదను ఈ మాటనే. వాచ్యార్థము అందఱకును ఒక్కటియే. కాని చెప్పువాడు, వినువాడు, ప్రకరణము మాఱినకొలది వ్యంగ్యము మాఱుచుండును. శత్రువుపై బడుటకు ఇదే సమయమని ఒకనికి. అభిసరణమునకు ఆయత్తపడుమని ఒకతెకు. పని చాలింతమని కూలివారికి. సంధ్యావిధి ఆరంభింపుమని శ్రోత్రియునకు. దూరము పోవలదని బయలుదేఱినవానికి. ఆవులను ఇంటికి తోలుమని గోపాలకునకు. ఎండ బాధ ఇక లేదని తపించినవానికి. అమ్మకపు సరకులను సర్దుమని వర్తకునకు. ప్రియుడు ఇప్పటికిని రాలేదని విరహిణికి. మా పాఠశాలలో ఈ భాగము వచ్చినప్పుడు, మమ్మటుడు చెప్పని అర్థమునొకదానిని ఒక్కొక్కరు చెప్పుడని మా గురువుగారు అడుగుచుండిరి. దీపము వెలిగింపవలెనని ఒకడు, పాఠము ముగియునని మఱియొకడు చెప్పెడివారు. రెండవది ఎక్కువమందికి తోచుచుండెడిది.

ఈ పట్టికను మనము వ్యంజనావాదమునకు సాధనముగా మాత్రమే చదువుచున్నాము. వస్తువును బట్టి చదివిచూడుడు. పని చాలించుట, సంధ్య వార్చుట, ఆవులను తోలుట, సరకులు సర్దుట - ఇవన్నియు ప్రతిదిన కృత్యములు. భామహుడు దేనిని వార్తయని తోసివేసెనో ఆ నిత్యకృత్యపు మాటలోనే ఒక గ్రామమంతయు ఇమిడియున్నదని మమ్మటుడు చూపినట్లైనది. వీనిలో కడపటిదగు విరహిణి మాట మఱింత గమనింపదగినది. అక్కడనున్న అద్యాపి యను పదమును 'ఇప్పటికిని' యని గాని, 'నేడు కూడ' యని గాని గ్రహింపవచ్చును. రెండవ విధముగా గ్రహించినచో ఆ 'కూడ'లో నిన్న, మొన్న, అటుమొన్న అన్నియు ఉన్నవి. నిపాతములకును వ్యంజకత్వము కలదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున చెప్పియున్నాడు. ఏకరూపములైన దినముల వరుసను ఒక చిన్న 'అపి' మోయగలదనుటకు దీనిని మించిన లక్ష్యము దొరకదు.

ఇక రసదృష్టితో చూచినచో చిక్కు వచ్చును. విసుగు అను భావము భరతుడు చెప్పిన ముప్పదిమూడు వ్యభిచారిభావములలో ఎక్కడ ఇముడును? గ్లాని, శ్రమము, ఆలస్యము, దైన్యము, చింత, జడత దీనికి ఇరుగుపొరుగులు. నిర్వేదము మఱింత దగ్గఱది. దారిద్ర్యము, వ్యాధి, అవమానము మున్నగువానివలనను, తత్త్వజ్ఞానమువలనను అది కలుగునందురు. కాని ఏ విశేష కారణమును లేక, నిన్నటివలెనే నేడును ఉన్నదను ఒక్క హేతువుచేత మనస్సు వాడుట ఈ లక్షణములలో దేనికిని పూర్తిగా లొంగదు. విభావమునందు విశేషము లేకపోవుటయే ఇక్కడ విభావము. దీనినిబట్టి శాస్త్రము కొఱవడినదని నేననను. తెలుగున విసుగు, వేసట, రోత అను మూడు మాటలకు గల తారతమ్యమును పామరుడు సైతము ఎఱుగును. శాస్త్రకారుడు మూడింటిని నిర్వేద గ్లానుల క్రిందికి చేర్చి ముందునకు సాగెను. కవులు మాత్రము అట్లు సాగిపోలేదు.

కాళిదాసును చూడుడు. శాకుంతల పంచమాంకము కంచుకి మాటలతో మొదలగును. అంతఃపురాధికారమునకు చిహ్నముగా ఆచారార్థము పట్టిన బెత్తము కాలక్రమమున నడచుటకు ఊతకఱ్ఱ యైనదని అతడు చెప్పుకొనును. ఒక ఉద్యోగములో గడచిన జీవితమంతయు ఆ కఱ్ఱలో కలదు. కఱ్ఱ మాఱలేదు, పట్టినవాడు మాఱినాడు. రాజు అప్పుడే ధర్మాసనమునుండి లేచెను. కణ్వశిష్యుల రాకను చెప్పి మరల శ్రమ పెట్టుట ఎట్లని కంచుకి సంకోచించి, తనకు తానే సమాధానము చెప్పుకొనును. సూర్యుడు గుఱ్ఱములను ఒక్కమారే పూన్చినాడు. వాయువు రేయింబవళ్లు వీచుచునే యుండును. శేషుడు భూభారమును దింపడు. ఆఱవ పాలు గ్రహించు రాజునకును అంతేయని. సాధారణముగా దీనిని రాజధర్మ ప్రశంసగా చెప్పి పోవుచున్నాము. అయితే చెప్పువాడెవడు? తాను స్వయముగా విశ్రాంతి లేని వృద్ధభృత్యుడు. గుఱ్ఱములను ఒక్కమారే పూన్చుట యన్న భావనలో మహత్త్వముతోపాటు జాలియు కలదు. పూన్చిన గుఱ్ఱములను విప్పిన దినము లేదు. విక్రమోర్వశీయ తృతీయాంకారంభమున కంచుకి ఇంకను స్పష్టముగా మాటాడును. గృహస్థుడెవడైనను ప్రాయమున ధనార్జనకు పాటుపడి, పిమ్మట కొడుకులపై భారము వైచి విశ్రమించును. తనకు మాత్రము ఈ ముదిమిలోను దినదినమును సేవయే యని అతని మొఱ. ఆ నాటకముననే ద్వితీయాంకమున వైతాళికుడు సూర్యునకును రాజునకును అధికారము సమానమని చెప్పి, సూర్యుడు ఆకాశమధ్యమున క్షణము నిలిచినట్లు రాజునకును దినములో ఆఱవ భాగమున మాత్రమే తీఱిక యని కాలమును నివేదించును. ఒకే సూర్యుని పోలిక వైతాళికుని నోట స్తుతియై, కంచుకి నోట నిట్టూర్పగుట కాళిదాసుని లోకజ్ఞతకు గుఱుతు.

దినమును భాగములుగా కోయుట మన వాఙ్మయమున ఇష్టమైన పని. కౌటిల్యుడు రాజు పగటిని రాత్రిని ఎనిమిదేసి భాగములు చేసెను. వాత్స్యాయనుడు నాగరకునకు నిత్యము స్నానము, దినము విడిచి దినము అభ్యంగనము, మూడవ దినమున ఫేనకము, నాలుగవ దినమున క్షౌరము విధించెను. రాజశేఖరుడు కావ్యమీమాంస దశమాధ్యాయమున కవికే దినచర్య వ్రాసెను. ప్రొద్దుట విద్యాభ్యాసము, రెండవ జామున రచన, భోజనానంతరము గోష్ఠి, నాలుగవ జామున ఉదయము రచించినదానిని పరీక్షించుట, రాత్రి వ్రాసికొనుట. శాస్త్రకారులకు ఈ ఆవృత్తి క్రమశిక్షణ. అందులో విసుగు ప్రసక్తి లేదు. మేఘదూతమున యక్షపత్ని గడపపై ఉంచిన పూవులను నేలపై పేర్చుచు మిగిలిన మాసములను లెక్కించుట కూడ కాలవిభాగమే. కాని అచ్చట భాగించుట పని చేయుటకు కాదు, పని లేని కాలమును గడుపుటకు.

భర్తృహరి వైరాగ్యశతకమున ఈ విషయము తత్త్వముగా మాఱినది. అదే రాత్రి, మరల అదే పగలు అని ఎఱిగియు ప్రాణులు ఆ వ్యాపారములకే పరుగెత్తుచున్నవి, మోహముచేత మనకు సిగ్గు కలుగుట లేదను భావముగల శ్లోకమును ఎల్లరు ఎఱుగుదురు. అందు ఆ వ్యాపారముల విషయములకు కవి వాడిన విశేషణము పునరుక్తమను మాటతో కూడినది. ఇది యాదృచ్ఛికమని నేననుకొనను. పునరుక్తము కావ్యదోషము. చెప్పినదానినే మరల చెప్పిన కవిని సహృదయుడు క్షమింపడు. జీవితమునే చెప్పినది చెప్పెడి కావ్యముగా చూచి, దానిని అనుభవించుచు సిగ్గుపడని మనలను అరసికులని కవి అధిక్షేపించినట్లు ఈ మాటవలన తోచుచున్నది. విరక్తి బోధలో సైతము ఆయన ఆలంకారికుడే.

అయితే దోషమునకు అపవాదములుండును. భయము, శోకము, అసూయ, హర్షము, విస్మయము తోచునపుడు పునరుక్తి దోషము కాదని భామహుడు. అనుకంపాదుల అతిశయము వివక్షితమైనచో కాదని దండి. వ్యాకరణము మఱియొక అడుగు ముందున్నది. పాణిని అష్టమాధ్యాయ ప్రథమపాదమున నిత్యార్థమునందును వీప్సయందును పదమునకు ద్విర్వచనము విధించి, రెండవ రూపమునకు ఆమ్రేడితమని సంజ్ఞ చేసెను. నిత్యమనగా ఇక్కడ ఆభీక్ష్ణ్యము, మాటిమాటికి జరుగుట. అనగా పని మరల మరల జరిగినచో పదమును మరల పలుకవలెను. అర్థములోని ఆవృత్తి శబ్దములోనికి వచ్చినది. తెలుగు ఈ విషయమున సంస్కృతముకంటె ధారాళమైనది. దినదినము, ఏటేట, ఇంటింట, తిరిగి తిరిగి, చేసి చేసి, ఎదురుచూచి చూచి - ఈ రూపములు లేక మన ఇండ్లలో ఒక పూట గడవదు. 'దంచి దంచి చేతులు పోయినవి' అన్న స్త్రీ ఏ అలంకారమును ప్రయోగింపలేదు. కాని రోకటి పోటు ఆ రెండు మాటలలో వినబడుచున్నది. కవులు ఈ శక్తిని ఎట్లు వాడుకొనిరో ఆమ్రేడిత ప్రయోగములనన్నింటిని ఏర్చి చూచిన పరిశోధన ఒకటి రావలసియున్నది.

ఇప్పుడు అసలైన లక్ష్యములకు వత్తము. ప్రాకృతమున హాలుని గాథాసప్తశతి గ్రామజీవన భాండారము. వంటపనిలో మసి అంటిన చేయి తగిలి ముఖమునకు మచ్చ పడిన ఇల్లాలిని చూచి, ఇప్పుడు చంద్రుని దశ వచ్చినదని భర్త నవ్వునట్టి గాథయొకటి కలదు. చంద్రుడు పాత ఉపమానము, మసి నిత్యవస్తువు. రెండు అరిగిపోయిన వస్తువులు ఒకదానికొకటి తగిలినంతనే వెలుగు పుట్టినది. శ్రీనాథుడు నూత్నయౌవనమున శాలివాహన సప్తశతిని తెనిగించితినని కాశీఖండమున చెప్పుకొనెను. ఆ గ్రంథము మనకు దక్కి యుండినచో తెలుగు పద్యమున ఇంటి వంటగది ఎట్లుండెడిదో తెలియునుగదా!

క్రీ.శ. 1100 ప్రాంతమున వంగదేశమందలి బౌద్ధపండితుడు విద్యాకరుడు సంకలించిన సుభాషితరత్నకోశము ఈ విషయమున మఱింత విలువైనది. కోశాంబి, గోఖలే పండితులు దీనిని పరిష్కరింపగా 1957లో హార్వర్డు ప్రాచ్య గ్రంథమాలలో వెలువడినది. ఇంగల్స్ పండితుని ఆంగ్లానువాదము 1965లో వచ్చినది. ఆయన 1954లోనే యోగేశ్వరుడు మున్నగు కవులను గూర్చి వ్రాయుచు సంస్కృతమున గ్రామమును, పొలమును చెప్పిన కవితాధార యొకటి ఉన్నదని చూపెను. మనము అధ్యాపకులమై యుండియు ఈ కోశములోని జాతివ్రజ్య, దీనవ్రజ్యలను తరగతికి తేలేదు.

ఈ ధారలోని శ్లోకమొకటి చూతము. పాత ఇంటిలో జడివాన. తడిసిన సక్తుపిండికై గృహిణి వగచును, ఏడ్చుచున్న బిడ్డలను ఊరడించును, పెంకుతో నీరు ఎత్తిపోయును, పడకగడ్డిని కాపాడును, శిథిలమైన చేట ముక్క తలపై ఉంచుకొని కలతపడుచుండును, వాన అట్లు కురియుచుండగా ఆ దుఃఖిని చేయని పని యేదని ముగింపు. ఇందు ఉపమ లేదు, రూపకము లేదు. ఒక కర్త్రి, అనేక క్రియలు. శాస్త్రము దీనిని కారకదీపకమనును. సాధారణముగా ఆ అలంకారమున క్రియలు కుప్పపడి ఒక సౌందర్యమును కలిగించును. ఇక్కడ ఆ కుప్పయే భారమైనది. ఒక క్రియ ముగియకముందే మఱియొకటి వచ్చిపడుచున్నది. కర్త్రి మాత్రము ఒంటరి. వ్యాకరణమున ఒక కర్తృపదము మోయుచున్న క్రియల బరువే ఆ స్త్రీ మోయు బరువు. శ్లోకము మొదట నుండి వర్తమానకాల క్రియలే నడచుటయు గమనింపవలెను. నిన్న వగచెను, నేడు ఊరడించెను అని కాదు. వాన ఉన్నంతసేపు ఇది ఆగదు.

ఇట్టి శ్లోకమున చమత్కారము ఎక్కడనుండి వచ్చినది? ప్రాతవస్తువులు రసస్పర్శచేత వసంతమున వృక్షములవలె క్రొత్తవిగా తోచునని ఆనందవర్ధనుడు చతుర్థోద్ద్యోతమున చెప్పెను. మాఘుడు సైతము కృష్ణుడు పలుమాఱులు చూచిన రైవతకము అపూర్వమైనదానివలె ఆశ్చర్యము గొలిపినదని చెప్పి, క్షణక్షణము క్రొత్తదనము పొందుటను రమణీయతగా నిర్వచించెను. ఈ సిద్ధాంతము పర్వతములకు, ప్రియురాండ్రకు సరిపోవును. కారుచున్న ఇంటికి సరిపోదు. ఆ ఇల్లు క్రొత్తదిగా తోచిన యెడల శ్లోకము చెడిపోవును. ప్రాతది ప్రాతదిగానే నిలిచి మనకు కనబడవలెను. ఇక్కడ నాకు మహిమభట్టు మాట ఎక్కువ సహాయముగా తోచుచున్నది. వస్తువునకు సామాన్యము, విశిష్టము అని రెండు రూపములు కలవు. లోకము పలుకు శబ్దములు సామాన్యమునే తాకును. ప్రత్యక్షమునకు గోచరమగు విశిష్టరూపము కవిప్రతిభకు మాత్రమే వాక్కున లభించునని ఆయన వ్యక్తివివేకమున స్వభావోక్తిని సమర్థించుచు చెప్పెను. కుంతకుడు స్వభావము అలంకార్యమే కాని అలంకారము కాదని వాదించినదానికి ఇది గట్టి సమాధానము. దినములన్నియు ఒక్కటేయని మనకు తోచుటకు కారణము మనము వానిని సామాన్యముగా చూచుటయే. వాన, పేదఱికము, ఇంటిపని - ఇవి సామాన్యములు. పెంకు, పడకగడ్డి, చేట ముక్క - ఇవి విశిష్టములు. కవి విసుగును వర్ణింపలేదు, చేట ముక్కను చూపినాడు.

తెలుగున ఈ ప్రతిభకు ఆముక్తమాల్యద చాలును. శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509-1529) విష్ణుచిత్తుని అతిథిసేవను చెప్పునపుడు మహత్త్వమును ఊరక పొగడలేదు. వానకాలమున పప్పు, పొరటిన కూరలు, వడియములు, వఱుగులు. వేసవిలో గోరువెచ్చని అన్నము, చాఱు, పలుచని అంబళ్లు, చెఱకురసము. చలికాలమున మిరియపు పొళ్లతో వేడి కూరలు, ఆవపచ్చళ్లు - ఇట్లు ఋతువును బట్టి విస్తరి మార్చెను. ప్రతిదినము అన్నము పెట్టు పని ఒక్కటియే. మాఱునది విస్తరిలోని వస్తువు. చతుర్థాశ్వాసపు వర్షర్తువులో నిప్పు కొఱకు గృహిణి ఇల్లిల్లు తిరుగుట, దొరికిన నిప్పుతో పొగలో వంట సాగించుట మున్నగు పాట్లను చెప్పిన పద్యము విద్యాకరుని సంకలనములో నుండదగినది. రాజ్యమేలిన కవికి పొయ్యి రాజుకొనని బాధ ఎట్లు తెలిసినదో యని ఆశ్చర్యపడువారు కలరు. ఎట్లు తెలిసినదను ప్రశ్నకంటె, ప్రబంధమున దానికి చోటెట్లు దొరకినదను ప్రశ్న మనకు ముఖ్యము. ఋతువర్ణనము అష్టాదశవర్ణనలలో ఒకటి. ఆ సంప్రదాయ ద్వారముననే నిత్యజీవనము ప్రబంధములోనికి వచ్చినది. వాన వచ్చినందున నెమలితోపాటు తడికట్టెయు వచ్చినది.

ఈ ద్వారమును పట్టుకొని వెదకినచో ఇంకను దొరకును. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరము తెలుగు కావ్యములనుండి పద్యములనేర్చి వర్ణనాంశములనుబట్టి కూర్చిన సంకలన గ్రంథము. విద్యాకరుని వ్రజ్యలను, 1205లో శ్రీధరదాసు కూర్చిన సదుక్తికర్ణామృతములోని విభాగములను దీని విభాగములతో ప్రక్కప్రక్కన ఉంచి, ఏ వస్తువునకు వంగదేశమున ప్రత్యేక శీర్షిక దొరకినదో, అదే వస్తువు తెలుగున ఏ వర్ణన చాటున నిలిచినదో పోల్చి చూచుట ఒక విద్యాప్రవీణ పరిశోధకునకు రెండు మూడు వత్సరముల పని. మొదట ఋతువర్ణన పద్యములను, పిదప సూర్యాస్తమయ పద్యములను ఏఱుట మంచిది. రాణివాసములును, చక్రవాకములును తీసివేయగా మిగిలిన పద్యములలో పొలమునుండి ఇల్లు చేరువారు ఎందఱున్నారో లెక్కింపవచ్చును.